తోపుడుబండికి ఊళ్లో చోటు లేదా?

ప్రశ్న: మా అమ్మ 15 ఏళ్లుగా బస్టాండు దగ్గర తోపుడుబండి మీద కూరగాయలు అమ్ముతోంది. రోడ్డు వెడల్పు చేస్తున్నాం, రేపటికల్లా ఖాళీ చేయమన్నారు. నిరుడైతే సరుకంతా ఎత్తుకెళ్లారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: రేపటికల్లా అంటే కుదరదండీ. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేసి, అందులో తేలిన వాళ్లందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తీసేయకూడదు, ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు తప్పనిసరి. సరుకు పట్టుకెళితే జాబితా రాసి ఇవ్వాలి, కూరగాయల్లాంటి పాడైపోయే వస్తువులనైతే అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాలి. నిరుడు మీ అమ్మగారికి జాబితా ఇచ్చారా? అమ్మగారి పేరు సర్వేలో ఉందో లేదో వెంటనే మున్సిపాలిటీలో కనుక్కోండి, లేకపోతే రాతపూర్వకంగా అర్జీ పెట్టి రసీదు తీసుకోండి.

ఇంకోటి. ఎక్కడ అమ్ముకోవాలో చెప్పే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఊరి ప్లానులో కార్లకు పార్కింగు గీసేటప్పుడు బండ్లకూ చోటు గీయాలి, అది దయ కాదు, హక్కు, నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు. పక్క బండ్లవాళ్లను కూడగట్టుకుని, ఆ కమిటీలో మీ తరఫున ఎవరున్నారో అందరూ కలిసి వెళ్లి అడగండి.