ఎయిర్‌బ్రష్ లేకుండా హాట్ వీల్స్ బొమ్మ కారును అసలు కారులా తీర్చిదిద్దొచ్చా?

నిక్షేపంగా చేయొచ్చు. మీ దగ్గరున్నవి మామూలు మెయిన్‌లైన్ (షాపుల్లో దొరికే సాధారణ రకం) హాట్ వీల్స్, ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం) లేదు, మొత్తం ఊడదీసి మళ్లీ రంగు వేయాలా అని కదా అడిగారు. నా మాట వింటే మొదటి కారును అసలు విప్పకండి, రంగు మార్చే జోలికే వెళ్లకండి. నేను ఇంట్లో చేసుకున్నవాటిలో చాలావరకు కంపెనీ రంగు మీద పని చేసినవే. వచ్చినవాళ్లు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసేదీ వాటినే.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఇవి సుమారు 1:64 స్కేలు. అంటే నాలుగు మీటర్ల కారు ఇక్కడ ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. మనం వేసే పూత మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్నా, అసలు కారు మీద ఆరు మిల్లీమీటర్లకు పైగా రంగు పట్టించినట్టే లెక్క. డోర్ల గీతలు, బానెట్ అంచులు పూడుకుపోతాయి. చెయ్యి తిరగకముందే స్ప్రే డబ్బా పట్టుకుంటే జరిగేది ఇదే.

మెయిన్‌లైన్ కార్లలో చాలావాటికి పక్కల అచ్చువేసిన డిజైన్లు ఘనంగా ఉంటాయి కానీ వెనక లైట్లకు రంగే ఉండదు. లైటు ఆకారం మాత్రం పోతలోనే వచ్చి ఉంటుంది. పని అక్కడ మొదలుపెట్టండి. ముందు ఆ లైటు మీద ఎక్రిలిక్ సిల్వర్ పూసి బాగా ఆరనివ్వండి. తర్వాత ఎరుపు గ్లాస్ కలర్ ఒక్క చుక్క. స్టేషనరీ షాపులో ఫెవిక్రిల్‌వి దొరుకుతాయి. నేరుగా మామూలు ఎరుపు పెడితే కారుకు బొట్టు పెట్టినట్టుంటుంది. వెండి రంగు మీద పారదర్శకమైన ఎరుపు పడితే మాత్రం లోపల బల్బు ఉన్నట్టు లోతు వస్తుంది. బ్రష్ అయితే 000 నంబరు తీసుకోండి. నాకైతే కొన సన్నగా చెక్కిన చీపురు పుల్లే నయం. చుక్కను తాకిస్తే చాలు, అంచుదాకా అదే పాకుతుంది.

తర్వాత గీతలు. నల్ల ఎక్రిలిక్‌ను నీళ్లతో బాగా పల్చన చేసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలపండి. అది లేకపోతే నీళ్లు నున్నటి రంగు మీద గుండ్రంగా ముద్ద కడతాయి, గీతలోకి దిగవు. డోరు గీత, గ్రిల్లు వెంబడి పారించి, పూర్తిగా ఆరకముందే తడి ఇయర్‌బడ్‌తో పైది తుడిచేయండి. దీంతోనే కారు సగం మారిపోతుంది.

పక్కల ఉన్న మంటలు, నంబర్లు నచ్చకపోతే ఎసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌తో పోతాయి. ఇయర్‌బడ్‌తో కొంచెం కొంచెంగా, ఆగి ఆగి రుద్దాలి. ఎక్కువసేపు రుద్దితే కింది రంగు కూడా లేస్తుంది. అద్దాల ప్లాస్టిక్‌కు తగిలిందా, మసకబారిపోతుంది. ఇక దాన్ని బాగుచేయలేం.

ఇవన్నీ చేతికి అలవాటయ్యాక విప్పే సరదా తీర్చుకోండి. అడుగున బాడీని కలిపి పట్టి ఉంచే రివెట్ (మేకులాంటిది) తలను 3 మి.మీ. డ్రిల్ బిట్‌తో నెమ్మదిగా తొలచండి. తల ఊడగానే ఆపేయాలి, ఇంకా లోపలికి పోతే పోస్టు (బాడీ లోపలి నుంచి వచ్చే లోహపు కాడ) పాడవుతుంది. కళ్లలో పొడి పడకుండా రక్షణ కళ్లజోడు తప్పనిసరి. మళ్లీ బిగించడానికి ఆ పోస్టులో 1.6 మి.మీ. రంధ్రం చేసి, ఎం2 ట్యాప్ (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు)తో మరలు తీస్తే స్క్రూ పడుతుంది. అంత ఓపిక లేకపోతే రెండు ట్యూబుల ఎపాక్సీతో అతికించండి. ఫెవిక్విక్ లాంటివి వద్దు, ఆ ఆవిరికి లోపలి వైపు నుంచి అద్దాల మీద తెల్లటి పొర పడుతుంది.

బాడీ జింక్ కలిసిన లోహం కాబట్టి పాత రంగు తీయడానికి కాస్టిక్ సోడా, వెనిగర్, చింతపండు ప్రయోగాలు చేయకండి, లోహాన్నే తినేస్తాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే పెయింట్ రిమూవర్ చాలు. గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడే చోట పని చేయండి. ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత) వేయకపోతే కొత్త రంగు గోరు తగిలితే లేచొస్తుంది. మాది విశాఖ, గాలిలో తేమకు కొదవలేదు. వర్షాకాలంలో క్లియర్ కోట్ (రంగు మీద కొట్టే పారదర్శకమైన పూత) కొడితే పాల తెలుపు మసక వస్తుంది, అందుకే ఆ పని పొడి ఎండ కాసిన రోజుకే ఉంచుకుంటాను. స్ప్రే డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే తుంపర సన్నగా పడుతుంది. పొయ్యి దగ్గరకు మాత్రం తీసుకెళ్లొద్దు.

పిల్లలు ఆడుకునే కార్లను ఇందుకు వాడకండి. మనం వేసే రంగులు నోట్లో పెట్టుకునేవి కావు. ఇంకో సంగతి, పని మొదలుపెట్టే ముందు కారు మీద వలయంలో చిన్న మంట గుర్తు ఉందేమో చూసుకోండి. ఉంటే అది ట్రెజర్ హంట్. 1995 నుంచి వస్తున్న ఆ కార్లను సేకరించేవాళ్లు వెతుక్కుంటూ తిరుగుతారు, దాన్ని కదపొద్దు. మొదటి ప్రయత్నానికి తెలుపో, లేత పసుపో, గీతలు లోతుగా ఉన్నదో తీసుకోండి. నల్ల కారు మీద ఆ పల్చటి నల్ల రంగు ఎంత పోసినా కనపడదు.