పోతపనీ, మోటారు బిగించిన సైకిలూ: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ఫోటోలూ అందాయి. పెరట్లో నువ్వు కట్టుకున్న కొలిమిని చూశాను. పాత ఇనుప ఫ్రేము సైకిలుకు వెనుక చక్రంలో 1500 వాట్ల హబ్ మోటారు బిగించిన తీరునూ చూశాను. రెండింటిలోనూ నీ చేతిపని శుభ్రంగా ఉంది. నువ్వు చాలా సంగతులు రాశావు గానీ అడిగిన అసలు ప్రశ్న ఒక్కటే: మోటారు ఇరుసును తిరగకుండా పట్టి ఉంచే టార్క్ ఆర్మ్‌ను నీ కొలిమిలోనే అల్యూమినియంతో పోత పోసుకోవచ్చునా అని. వద్దు. ఇంత గట్టిగా ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే ఏది పోయవచ్చునో, ఏది పోయకూడదో ఇక ముందు నువ్వే తేల్చుకోగలవు.

హబ్ మోటారు చక్రాన్ని ఎంత బలంతో ముందుకు తిప్పుతుందో, అంత బలంతోనూ తన ఇరుసును వెనక్కి తిప్పాలని చూస్తుంది. ఆ ఇరుసును ఆపేవి దాని రెండు వైపులా చదునుగా చెక్కిన ముఖాలు మాత్రమే, వాటి మధ్య మందం సాధారణంగా 10 మిల్లీమీటర్లు. మోటారు 60 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుందనుకుని లెక్క వేస్తే, అంత సన్నని చోట పడే బలం సుమారు 6000 న్యూటన్లు, అంటే 600 కిలోల బరువుకు సమానం. అదీ ఒక్కసారి పడి ఊరుకునేది కాదు. ట్రాఫిక్‌లో ఆగి బయలుదేరిన ప్రతిసారీ పడుతుంది, మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే నీ కంట్రోలరులో బ్రేకు వేసినప్పుడు బ్యాటరీకి కరెంటు తిరిగిచ్చే ఏర్పాటు ఉంటే ప్రతి బ్రేకుకూ ఎదురు దిశలో పడుతుంది. ఉక్కుకు ఒక మేలు ఉంది: ఒత్తిడి ఒక హద్దు లోపల ఉన్నంత కాలం అది ఎన్ని లక్షల సార్లయినా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ఒత్తిడి చిన్నదైనా పదే పదే పడితే ఏదో ఒకనాటికి బీటలు వారుతుంది. పైగా ఇంట్లో పోసిన పోతలో కంటికి కనబడని గాలి రంధ్రాలూ, ఆక్సైడు పొరలూ ఉంటాయి కాబట్టి ఆ బీటకు మొదలు అక్కడ ముందే సిద్ధంగా ఉంటుంది. ఆర్మ్ విరిగిందంటే ఇరుసు గిర్రున తిరుగుతుంది, దానిలోంచి బయటికి వచ్చే తీగలు మెలిపడి తెగుతాయి, చక్రం డ్రాపౌట్ నుంచి, అంటే ఫ్రేములో ఇరుసు కూర్చునే గాడి నుంచి, జారిపోతుంది. నువ్వు ఆ సమయంలో ఎంత వేగంలో ఉంటావో నీకే తెలుసు.

కాబట్టి టార్క్ ఆర్మ్‌ను 6 మిల్లీమీటర్ల ఉక్కు ప్లేటుతో, లేజరు కటింగు చేసేవాళ్ల దగ్గర కోయించు. ఇరుసు ముఖాలకూ ఆ గాడికీ మధ్య సందు లేకుండా, ఆకురాయితో కొద్దికొద్దిగా రాసుకుంటూ బిగుతుగా కూర్చోబెట్టు. ఒక వైపు కాదు, రెండు వైపులా పెట్టు. హ్యాండిల్ స్టెమ్, పెడల్ క్రాంకు, బ్రేకు లివరు, డిస్కు బ్రేకు కాలిపరును పట్టి ఉంచే దిమ్మ, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి. విరిగితే మనిషి కింద పడే భాగం ఏదీ పెరటి కొలిమి నుంచి రాకూడదు.

దీనితో నీ ఉత్సాహం తగ్గనక్కరలేదు, నీ సైకిలులో పోతకు తగిన పని కావలసినంత ఉంది. లైటు పట్టీ, డిస్‌ప్లే పెట్టుకునే బ్రాకెట్, చైను కవరు, బ్యాటరీ పెట్టె మూత వంటివి నిశ్చింతగా పోసుకో. అన్నింటికన్నా నాకు నచ్చే పని మాత్రం కంట్రోలరుకు రెక్కలున్న అడుగు పళ్లెం పోయడం. కంట్రోలరు లోపలి ట్రాన్సిస్టర్లు వేడెక్కితే కాలిపోతాయి, ఆ వేడిని గాలికి అప్పగించే లోహం ఎంత ఉంటే అంత మంచిది. సిలికాన్ కలిసిన పోత అల్యూమినియం రేకు అల్యూమినియమంత చురుకుగా వేడిని మోయదు గానీ నీ అవసరానికి సరిపోతుంది. పోసిన తరువాత కంట్రోలరు ఆనుకునే ముఖాన్ని మందపాటి గాజు పలక మీద ఎమరీ కాగితం పరచి, నీళ్లు చల్లుతూ, మెరుపు అంతటా ఒకేలా వచ్చేదాకా రుద్దు. మధ్యలో మసక మచ్చ మిగిలిందంటే అక్కడ పల్లం ఉన్నట్టే, ఆ పల్లంలో వేడి నిలిచిపోతుంది.

లోహం ఎంపికలో నువ్వు పానీయాల డబ్బాల గురించి అడిగావు. అవి కరిగించడానికి సులువే, కానీ ఆ పలుచని రేకుల్లో సగం చిట్టెంగా, అంటే పైన తేలే మడ్డిగా, పోతుంది, మిగిలింది అచ్చులో బాగా పారదు, ఎందుకంటే అవి రేకులు సాగగొట్టడానికి చేసిన మిశ్రమాలు. తలుపులకూ కిటికీలకూ వాడే సెక్షన్లదీ అదే కథ. పోతకు కావలసినది సిలికాన్ కలిసిన మిశ్రమం. పాత కార్ల అల్లాయ్ చక్రాలు, ఇంజను పిస్టన్లు మేలు. తుక్కు నమ్మకం లేదనుకుంటే ఫౌండ్రీ వాళ్ల దగ్గర ఎల్ఎమ్6 గానీ ఎల్ఎమ్25 గానీ అనే పోత మిశ్రమాన్ని దిమ్మలుగా కొనుక్కో. ఎల్ఎమ్6 సన్నని గోడల్లోకి నీళ్లలా పారుతుంది. తుక్కు కొంటే మాత్రం ఒక్క జాగ్రత్త మరువకు: కొన్ని ఇంజను కవర్లు మెగ్నీషియంతో చేసినవి ఉంటాయి. చూపుకు అల్యూమినియం లాగే ఉన్నా చేతికి మరింత తేలికగా తగులుతాయి. ఆకురాయితో గీకి, ఆ తాజా గీత మీద వెనిగరు చుక్క వేస్తే బుడగలు చురుకుగా లేస్తాయి. అటువంటి ముక్క లోహం కరిగించే మూసలో పడి అంటుకుంటే ఆ మంట నీళ్లతో ఆరదు, ఇంకా రేగుతుంది.

ఇత్తడి జోలికి ఇప్పుడే పోవద్దు. ఇత్తడి కరగడానికి 900 డిగ్రీలు దాటాలి, దానిలోని జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. తెల్లటి పొగ లేస్తుంది, దాన్ని పీల్చినవాడికి ఆ రాత్రి వణుకుతో జ్వరం వస్తుంది. గోదావరి ప్రాంతంలో అజ్జరం, శ్రీకాకుళంలో బుడితి వంటి ఊళ్లలో తరతరాలుగా ఇత్తడి, కంచు పని చేసే కుటుంబాలున్నాయి. నేర్చుకోవాలనుంటే అలాంటి చోట కొన్నాళ్లు పక్కన నిలబడి చూసిన తరువాతే మొదలుపెట్టు.

ఇక తేమ సంగతి. నేను బాలానగర్ ఫౌండ్రీలో పనిచేసిన కాలమంతా అన్నింటికన్నా ఎక్కువ భయపడినది మంటకు కాదు, తేమకు. నీరు ఆవిరైతే దాని పరిమాణం సుమారు 1600 రెట్లు అవుతుంది. కరిగిన లోహం అడుగున ఒక్క చుక్క చిక్కుకున్నా, ఆ ఆవిరి తనపైనున్న లోహాన్నంతా మనిషి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. అందుకే మూసలో వేసే ప్రతి ముక్కనూ ముందుగా కొలిమి అంచున పెట్టి బాగా కాగనివ్వు. కరిగిన లోహంలోకి చల్లటి ముక్కను ఎప్పుడూ విసరకు. రెండు కొసలూ మూసుకున్న గొట్టాలను, షాక్ అబ్జార్బర్లను కోసి తెరవకుండా కొలిమి దగ్గరికే రానివ్వకు. చిట్టెం తీసే గరిటె, పట్టకారు, మిగిలిన లోహం వంచే ఇనుప అచ్చు, అన్నీ వాడే ముందు కాల్చి ఆరబెట్టాలి, తుప్పు పట్టిన అచ్చయితే అసలే వాడకు, ఆ తుప్పులో తేమ దాగి ఉంటుంది. ఫోటోలో నీ కొలిమి సిమెంటు గచ్చు మీద ఉంది. అది వెంటనే మార్చు. సిమెంటు పొడిగా కనిపించినా లోపల నీరు ఉంటుంది, లోహం ఒలికితే గచ్చు పెళ్లలు పెళ్లలుగా పేలుతుంది. కొలిమి కిందా, నువ్వు మూసతో నడిచే దారి పొడుగునా నాలుగు అంగుళాల మందాన పొడి ఇసుక పరచు. వానాకాలంలో మూడు రోజులుగా ముసురు పడుతున్నప్పుడు పోత పెట్టుకోవద్దు.

అయితే పచ్చి ఇసుక అచ్చులో నీళ్లు కలుపుతాం కదా, అది ఎందుకు పేలదని నీకు సందేహం రావచ్చు. ఇసుక రేణువుల మధ్య సందుల్లోంచి ఆవిరికి దారి ఉంటుంది కాబట్టి పేలదు, ఆ దారి మూసుకుపోతే పేలుతుంది. బెంటొనైటు మట్టి నూటికి 8 నుంచి 10 పాళ్లు, నీరు 3 నుంచి 4 పాళ్లు మించనివ్వకు. పరీక్ష చాలా సులభం. గుప్పెడు ఇసుకను గట్టిగా పిసికి చెయ్యి తెరువు. వేళ్ల గుర్తులు ఇసుక మీద స్పష్టంగా ఉండాలి, అరచేతికి మాత్రం తడి అంటకూడదు. ఆ ముద్దను రెండు చేతులతో మధ్యకు విరిస్తే అంచులు రాలకుండా తెగాలి. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజాలు మైనపు బొమ్మ మీద మట్టి పొరలు కట్టి, ఆ అచ్చును కాల్చి మైనాన్ని కరిగించి తీసిన తరువాతే ఇత్తడి పోస్తారు. ఆ కాల్పుతోనే తేమ అంతా పోతుంది. వారి డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇసుక కలిపేటప్పుడు మూతికి మంచి మాస్కు కట్టుకో, ఆ సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు.

మూస విషయంలో పొదుపు చేయకు. ఉక్కు డబ్బాలో కరిగిస్తున్నావని రాశావు. కరిగిన అల్యూమినియం ఇనుమును మెల్లగా తినేస్తుంది, ఒకరోజు అడుగు ఊడుతుంది. రాజమండ్రిలో గ్రాఫైటు మూసలు తయారవుతాయి, అక్కడి నుంచి తెప్పించుకుని, మొదటిసారి వాడే ముందు నిదానంగా వేడిచేసి ఆరబెట్టు. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, 700 నుంచి 740 మధ్య పోయడం మంచిది. అంతకు మించి కాచినకొద్దీ అది గాలిలోని తేమ నుంచి హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు ఆ వాయువును వదలలేక లోపల రంధ్రాలుగా మిగుల్చుతుంది. వేడిని కొలిచే థర్మోకపుల్ కొనుక్కో, రంగు చూసి అంచనా వేయవద్దు. పగటి వెలుగులో 700 డిగ్రీల అల్యూమినియం ఎర్రగా కనిపించదు, వెండిలా చల్లగా మెరుస్తూ ఉంటుంది, తెలియనివాడు చెయ్యి పెట్టేటట్టు ఉంటుంది. కాబట్టి పిల్లలు పెరట్లో ఉన్నప్పుడు కొలిమి వెలిగించవద్దు, పోసిన ముక్క చల్లారేదాకా అక్కడి నుంచి కదలవద్దు. నూలు బట్టలు, తోలు ఆప్రాన్, లేసులు లేని తోలు బూట్లు, వాటి పైకి దిగిన ప్యాంటు, ముఖానికి షీల్డు ఉండాలి. ఫోటోలో నీ కాళ్లకు చెప్పులు కనిపించాయి. అది చూసి మీ అమ్మ కన్నా నేను ఎక్కువ కంగారుపడ్డాను.

పోత ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే అచ్చులోకి లోహం పారే కాలువలో గడ్డకట్టిన ముక్కను, అంటే రన్నరును, కోసి, కోసిన చోట నున్నగా రుద్ది చూడు. గుండ్రని, లోపల మెరిసే చిన్న చుక్కలుంటే అది వాయువు. లోహాన్ని ఎక్కువ కాచావు, లేదా తేమ చేరింది. గరుకుగా, ముళ్లముళ్లుగా ఉన్న బొరియ అయితే అది కుంచించుకుపోయిన చోటు. మందమైన భాగం చివర గడ్డకట్టింది, దానికి లోహం అందించే రైజరు చాలలేదు. ఈ రెండింటికీ మందులు వేరు, కాబట్టి ముందు ఏదో గుర్తుపట్టు.

బ్యాటరీ గురించి. 48 వోల్టుల ప్యాకును కొలిమి పాకలో ఛార్జింగ్ పెట్టకు, అక్కడ నిలవా ఉంచకు. నిండా ఛార్జయిన 13 సెల్లుల వరుస 54.6 వోల్టులు ఇస్తుంది, ఒక్క అల్యూమినియం రజను దాని టెర్మినళ్ల మధ్య పడినా చాలు, షార్టు సర్క్యూట్ అవుతుంది.

చివరగా సైకిలు వేగం సంగతి, దీన్ని నువ్వు దాటవేశావు గానీ నేను దాటవేయను. మన దేశపు మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు ఉండి, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర మోటారు సాయం ఆగిపోతేనే అది సైకిలు. నీ 1500 వాట్ల బండి చట్టం దృష్టిలో మోటారు వాహనం, దానికి రిజిస్ట్రేషనూ, లైసెన్సూ, బీమా కావాలి. కంట్రోలరులో వేగం తగ్గించి పెట్టుకుంటే సరిపోతుందనుకోవద్దు, నిబంధన చూసేది మోటారు శక్తిని కూడా. ఆ బండి ఎవరినైనా తాకితే బీమా లేని నష్టమంతా నీ మీద, మీ నాన్న మీద పడుతుంది. 25 కిలోమీటర్ల వేగానికీ 45 కిలోమీటర్ల వేగానికీ తేడా రెట్టింపు కూడా కాదనిపిస్తుంది, కానీ ఆపవలసిన శక్తి మూడు రెట్లు దాటుతుంది, నీ సైకిలుకున్న రబ్బరు బ్రేకులు అందుకోసం చేసినవి కావు. రెండు చక్రాలకూ హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు పెట్టించు, అప్పుడు కూడా మన మామిడి తోటలోని దారిలోనే నడుపు. రోడ్డు మీద తిరగడానికి 250 వాట్ల లోపు మోటారు వేరే చక్రానికి కట్టుకో, దానికయ్యే ఖర్చు నేను ఇస్తాను.

నీ డ్రాపౌట్ మందమూ, ఇరుసు ముఖాల వెడల్పూ వెర్నియరుతో కొలిచి రాసి పంపు, ఉక్కు ప్లేటుకు నమూనా నేనే గీసి పంపిస్తాను. కంట్రోలరు పళ్లెం పోసిన తరువాత కోసిన రన్నరు ముక్కను కూడా కొరియర్‌లో పంపు, ఫోటోలో ఆ చుక్కలు సరిగా తెలియవు.

ఇట్లు,
మీ మామయ్య