థర్మోకోల్ బ్లాకులు రాలిపోతుంటే
సిమెంటులో థర్మోకోల్ ముక్కలు, వాడేసిన వంటనూనె కలిపి బ్లాకులు పోస్తుంటే థర్మోకోల్ పైకి తేలుతోందని, అంచులు పొడిగా రాలుతున్నాయని అడిగారు కదా, రెండూ సరిచేసుకోవచ్చు. ముందు ఆ వాడేసిన వంటనూనెను సిమెంటులో కలపడం ఆపేయండి. సిమెంటు తడిసినప్పుడు పుట్టే సున్నంతో నూనె కలిసి సబ్బులా మారి పట్టు పోతుంది. ఆ నూనెను వడగట్టి అచ్చుల లోపల గుడ్డతో పల్చగా రాయండి, బ్లాకు సులువుగా ఊడివస్తుంది.

థర్మోకోల్‌లో దాదాపు 98 శాతం గాలే, పైగా నీళ్లు అంటవు. అందుకే ముక్కలను ముందు చిక్కటి సిమెంటు పాలలో వేసి, ప్రతి పూసా బూడిదరంగుకు తిరిగేదాకా కలపండి. ఇసుక ఆ తర్వాతే. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి కారకూడదు. కాంక్రీటును అదిరించి కుదించే వైబ్రేటర్ యంత్రం వద్దు, కర్రతో కూరితే చాలు.

దయచేసి ఈ బ్లాకులను బరువు మోసే గోడలకు మాత్రం వాడొద్దు. అడ్డుగోడలకైనా ప్లాస్టరింగ్ తప్పనిసరి, ఎందుకంటే థర్మోకోల్ 100 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గరే మెత్తబడుతుంది.