కర్ణాటక నంబరు బండిని ఏడాది దాకా తిప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. మా అబ్బాయికి ఇరవై ఏళ్లు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇన్నాళ్లూ నా స్కూటరే నడిపాడు. రెండు సిలిండర్ల బండి కావాలని పట్టుబడితే బెంగళూరులో పాత బండ్లు అమ్మే ఒక షాపులో 2024 మోడల్ యమహా ఎంటీ-03 కొనిచ్చాను. డబ్బంతా బ్యాంకు ద్వారానే పంపాను. మూడు నెలలైంది, ఆర్‌సీ ఇంకా పాత ఓనరు పేరుతోనే ఉంది. ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి పాత ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) అడిగితే ‘వచ్చే వారం సార్’ అంటాడు షాపాయన. కర్ణాటక బండిని మన రాష్ట్రంలో ఏడాది దాకా తిప్పుకోవచ్చు, తొందరేమీ లేదంటాడు. ఇన్సూరెన్స్ కూడా పాతాయన పేరు మీదే ఉంది. మావాడికి ప్రస్తుతం ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారి లైసెన్స్) మాత్రమే ఉంది. ఇంత పెద్ద బండికి వేరే లైసెన్స్ కావాలని కాలేజీలో ఎవరో చెప్పారట. సైలెన్సర్ కూడా మార్చి ఉంది. మొన్న సప్తగిరి సర్కిల్ దగ్గర పోలీసులు ఆపి, కోప్పడి వదిలేశారు. బండి నా పేరున చేయించాలా, వాడి పేరునా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: షాపాయన చెప్పిన ఏడాది మాట చట్టంలో ఉన్నదే. కానీ అది మీలాంటి వారి కోసం పెట్టింది కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలి. బెంగళూరు మనిషి ఆరు నెలల పని మీద అనంతపురం వచ్చి తన బండి తానే నడుపుకుంటున్నాడనుకోండి, ఆ వెసులుబాటు అతనికి పనికొస్తుంది. బండి అతనిదే, నంబరు ఒక్కటే పొరుగు రాష్ట్రానిది. మీ దగ్గర బండే చేతులు మారింది. అప్పుడు చూడాల్సింది 50వ సెక్షన్. కొన్నవారు 30 రోజుల్లోగా తమ ప్రాంతపు రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. వేరే రాష్ట్రపు బండైతే అమ్మినవారు 45 రోజుల్లోగా ఎన్‌ఓసీనో, దానికి దరఖాస్తు పెట్టిన రసీదునో పంపాలి. ఈ రెండు గడువులూ దాటిపోయాయి. భయపడేంత నేరమేమీ కాదు, ఆలస్యానికి రుసుము కడితే సరిపోతుంది. బెంగళూరు దగ్గర కావడంతో మన జిల్లాలో కేఏ నంబర్లు బాగా తిరుగుతాయి. అందుకే ఈ ‘ఏడాది’ మాట ఇక్కడ అందరి నోటా వినిపిస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది దీన్ని నమ్మినవాళ్లే.

అసలు చిక్కు ప్రమాదం జరిగితే వస్తుంది. మీవాడు తాడిపత్రి రోడ్డులో ఎవరినైనా గుద్దాడనుకుందాం. చట్టం దృష్టిలో బండి యజమాని ఎవరు? ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట సూటిగా చెప్పింది. ఆ బండి అప్పటికే చాలా చేతులు మారింది. అయినా రిజిస్టరు పుస్తకంలో మిగిలిపోయిన మొదటి ఓనరే పరిహారం కట్టాలని తీర్పు వచ్చింది. అంటే మీ విషయంలో నోటీసు ముందుగా వెళ్లేది బెంగళూరు ఆయనకే. ఆయనకు ఈ సంగతి తెలియకపోవచ్చు. బండి షాపుకిచ్చేశాను, నా పని అయిపోయిందనుకుంటూ ఉంటారు. మీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఇదే. షాపు చుట్టూ తిరగడం ఆపి, ఆర్‌సీలో ఉన్న పేరును బట్టి ఆయన్నే నేరుగా పట్టుకోండి. ఎన్‌ఓసీ దరఖాస్తు మీద, పేరు మార్పుకు వాడే 29, 30 ఫారాల మీద సంతకం పెట్టాల్సింది ఎలాగూ ఆయనే. ప్రమాదం జరిగితే తన పేరే ముందుకొస్తుందని తెలిశాక ఆ సంతకాలకు ఆయన ఆలస్యం చెయ్యరు.

షాపును అడగాల్సింది ఒకటుంది. పాత బండ్ల డీలర్ల కోసం 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నిబంధనల్లో కొత్త ఏర్పాటు వచ్చింది. డీలరు రిజిస్ట్రేషన్ అధికారి దగ్గర గుర్తింపు తీసుకోవాలి. ఓనరు బండి అప్పగించినప్పుడు ఫారం 29సీలో ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అక్కడి నుంచి, బండి అమ్ముడయ్యేదాకా, డీలరునే యజమానిగా పరిగణిస్తారు. ఆ 29సీ రసీదు చూపించమనండి. చూపిస్తే బాధ్యత ఎవరిదో తేలిపోతుంది. నీళ్లు నమిలితే ఆయన గుర్తింపు లేకుండా వ్యాపారం చేస్తున్నాడని అర్థం, మీ ఫిర్యాదుకు అదీ బలమే.

ఇక ఇన్సూరెన్స్. ‘పాలసీ ఉంది కదా, ఎవరి పేరైతే ఏం’ అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే అది సగమే నిజం. బండి చేతులు మారగానే థర్డ్ పార్టీ కవరు కొత్త యజమానికి బదిలీ అయినట్టే భావించాలని 157వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి మీ బండి తగిలి దెబ్బలు తిన్నవారికి కంపెనీ పరిహారం చెల్లించాల్సిందే. మీ బండికి తగిలిన దెబ్బల సంగతి వేరు. ఓన్ డ్యామేజ్ భాగం దానంతట అది మారదని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. పేరు మార్పు కోసం 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు చెయ్యాలి, అదీ చెయ్యలేదు. ఎంటీ-03ని 2023 డిసెంబరులో మన దేశంలోకి తెచ్చినప్పుడు తయారైన బండిగానే దిగుమతి చేసి అమ్మారు. ఇలాంటి బండి పక్కకు ఒరిగి పడినా చాలు, విడి భాగాల బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ బిల్లు మొత్తం ఇవాళ మీ జేబులోంచే పోవాలి. క్లెయిము చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పాతాయనది, అది మీకు రాదు. ఆయన డిస్కౌంటుతోనే పాలసీ కొనసాగిస్తానని ఎవరైనా ఏజెంటు అంటే ఒప్పుకోకండి, క్లెయిము వేళ అదే మీకు అడ్డు తగులుతుంది. ఇంకో సంగతి చూసుకోండి. ఈ బండి షోరూం ధర మొదట 4.60 లక్షలు. 2025 ఫిబ్రవరిలో కంపెనీ 1.10 లక్షలు తగ్గించింది. కొత్త పాలసీలో బండి విలువ తగ్గిన ధర మీద లెక్కిస్తారు, పాత ధర చూసి ఎక్కువ వస్తుందని ఆశపడొద్దు.

మీరు ఆఖర్న అడిగిన ప్రశ్నకు అన్నిటికంటే ఎక్కువ బరువుంది. బండి మీవాడి పేరునే చేయించండి. తండ్రులు సాధారణంగా తమ పేరున పెట్టుకుంటారు, పిల్లవాడు అమ్మేసుకుంటాడేమోనన్న భయంతో. కానీ దాని ఫలితం ఎక్కడ తేలుతుందో చూడండి. తప్పనిసరి పర్సనల్ యాక్సిడెంట్ కవరు 15 లక్షల రూపాయలు, అది ‘ఓనర్-డ్రైవర్’కి మాత్రమే. బండి మీ పేరున ఉండి వాడు నడుపుతూ ఎద్దు అడ్డొచ్చో, ఇసుకలో జారో తనంతట తాను పడితే ఆ 15 లక్షలు వాడికి వర్తించవు. పోనీ థర్డ్ పార్టీ కింద అడుగుదామంటే ఆ దారీ మూసుకుపోయింది. యజమాని బండి తీసుకుని నడిపినవాడు యజమాని స్థానంలో ఉన్నట్టేనని, తన ప్రమాదానికి అదే బండి ఇన్సూరెన్స్ కంపెనీని మూడో వ్యక్తిలా అడగలేడని 2009లో నింగమ్మ కేసులోనూ, 2020లో రాంఖిలాడి కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి కేసుల్లో ఇంటి పెద్దలు కోర్టు వరండాలో నిలబడి ‘సార్, ఫుల్ ఇన్సూరెన్స్ కట్టినాం కదా’ అంటే ఏం చెప్పాలో నాకు తోచదు. వాడికి పద్దెనిమిది దాటాయి, ఆర్‌సీ తన పేరున ఉండటానికి అభ్యంతరమేమీ లేదు. కవరు మాత్రం లైసెన్స్ ఉంటేనే నిలుస్తుంది. అమ్ముకుంటాడని భయముంటే అసలు ఆర్‌సీ మీ బీరువాలో పెట్టుకోండి.

లైసెన్స్ గురించి కాలేజీలో విన్నది మన దేశానికి సంబంధించింది కాదు. యూరప్‌లో కొత్తగా నేర్చుకున్నవారికి 35 కిలోవాట్ల శక్తికి మించని బండ్ల కోసం ఏ2 అనే ప్రత్యేక లైసెన్స్ ఉంది. ఎంటీ-03లో 321 సీసీ ఇంజిను, 42 పీఎస్ శక్తి, అంటే సుమారు 31 కిలోవాట్లు. ఆ హద్దులోపలే ఉంది. ఇక్కడ గేర్లున్న మోటార్ సైకిలుకు ఒకటే లైసెన్స్, వంద సీసీ అయినా వెయ్యి సీసీ అయినా. బండి బరువు 167 కిలోలే, పిల్లవాడు మోయలేనిదేమీ కాదు. అయితే గేర్లు లేని స్కూటర్ మీద నేర్చుకున్న చెయ్యి ఇది. ఎల్‌ఎల్‌ఆర్ ఏ తరగతికి తీసుకున్నాడో ఒకసారి చూడండి. గేర్లు లేనిదానికి తీసుకుని ఉంటే ఈ బండికి అది చెల్లదు. అలాంటప్పుడు నడిపినందుకు 181వ సెక్షన్ కింద వాడికీ, నడపనిచ్చినందుకు 180వ సెక్షన్ కింద యజమానికీ శిక్ష ఉంది. ఒక్కో సెక్షన్‌లో ఐదు వేల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసి ఉంది.

సరైన ఎల్‌ఎల్‌ఆరే అయితే అది చెల్లుబాటయ్యే లైసెన్సే. 2004లో సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసులో తేల్చినప్పటి నుంచి దీని మీద గొడవ లేదు. దానికి షరతులున్నాయి. తెల్లటి పలక మీద ఎర్ర ‘ఎల్’ అక్షరం ముందూ వెనకా ఉండాలి. వెనక సీట్లో నేర్పించే మనిషి తప్ప ఇంకొకరు కూర్చోకూడదు, ఆ మనిషికి లైసెన్స్ ఉండాలి. స్నేహితుణ్ణి ఎక్కించుకుని పెనుగొండ కోట చూడ్డానికి వెళ్లడం నేర్చుకోవడం కిందికి రాదు. షరతు తప్పితే కంపెనీ బాధితుడికి డబ్బిచ్చి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకునే ప్రమాదముంది. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న 30 రోజుల తర్వాత పరీక్షకు వెళ్లవచ్చు, అది ఆరు నెలలే చెల్లుతుంది. ముందు ఆ స్లాట్ బుక్ చేయించండి.

సైలెన్సర్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. విప్పించి కంపెనీదే పెట్టించండి. శబ్దం ప్రమాణాలు దాటితే 190(2) కింద పదివేల దాకా జరిమానా, లైసెన్స్ మూడు నెలలు పోతుంది. మన రాష్ట్రంలో ఇలాంటి సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరు కింద వేయించిన సంగతి మీరూ చూసే ఉంటారు. సర్కిల్ దగ్గర కోప్పడి వదిలేసిన ఆ పోలీసు మీకు మేలే చేశాడు. పైగా నంబరు మార్చేటప్పుడు ఆర్టీఓ ఆఫీసులో బండి చూపించాలి, అక్కడ ఇది కనిపిస్తే పని ఆగిపోతుంది. అసలు సైలెన్సర్ ఎక్కడుందని షాపాయన్ని ఇప్పుడే అడగండి.

పని ఇలా నడపండి. పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి ఫైనాన్స్ ఏమైనా మిగిలి ఉందా, బెంగళూరు చలానాలు ఎన్ని ఉన్నాయో చూడండి. పాతాయన అప్పు తీర్చి, హైపోథికేషన్ (ఆర్‌సీలో అప్పిచ్చినవారి పేరు నమోదు) తీయించకుండా వదిలేసి ఉంటే ఫారం 35 కావాలి. ఎన్‌ఓసీ ఆగడానికి మామూలుగా ఇవే కారణాలు, షాపాయన మాత్రం సర్వర్ డౌన్ అంటాడు. ఎన్‌ఓసీకి దరఖాస్తు పెట్టిన 30 రోజుల్లో అధికారి తిరస్కరించకపోతే ఇచ్చినట్టే లెక్క, 48వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఆ దరఖాస్తు రసీదు చేతికి రావడమే ముఖ్యం. ఆ తర్వాత అనంతపురంలో ఫారం 27తో కొత్త నంబరుకూ, 29, 30లతో పేరు మార్పుకూ కలిపి దరఖాస్తు చేసుకోండి. లైఫ్ ట్యాక్స్ ఇక్కడ మళ్లీ కట్టాలి. బండి వయసు, ధర చూసి లెక్క కడతారు. ఇంత ఖరీదు బండికి అది చిన్న మొత్తమేమీ కాదు, ముందే కౌంటర్లో అడిగి డబ్బు సిద్ధం చేసుకోండి. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు. అర్జీ పాతాయన పేరున వెళ్లాలి కాబట్టి, ఆ డబ్బు ఎవరిదన్నది ఆయనతో ఒక కాగితం మీద రాయించుకోండి. పేరు మారేదాకా బండి ఇంట్లోనే ఉంచమని నా సలహా. వాడు మూతి ముడుచుకుంటాడు, ముడుచుకోనివ్వండి.

ఇవన్నీ చెప్పినా షాపాయన కదలకపోతే స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. కాగితాలు ఇవ్వకుండా బండి అమ్మడం సేవాలోపం కిందికి వస్తుంది. షాపు బెంగళూరులో ఉన్నా కేసు అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోట వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్‌లో ఆయన పెట్టిన ‘వచ్చే వారం’ మెసేజీలు ఒక్కటీ చెరపకండి. ఫోను మార్చేట్టయితే వాటిని ముందు భద్రపరచుకోండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రంతో వాటిని దాఖలు చెయ్యవచ్చు.

నోటీసు అందగానే ఆయన ఎన్‌ఓసీ పంపే అవకాశమే ఎక్కువ. వచ్చాక అందులో ఛాసిస్ నంబరు బండి మీదున్న దానితో అక్షరం అక్షరం సరిచూడండి, గమ్యం కింద అనంతపురం ఆర్టీఓ అనే ఉందో లేదో చూడండి. వేరే ఊరి పేరు పడి ఉంటే సరిచేయించడానికి మళ్లీ బెంగళూరు వెళ్లాల్సి వస్తుంది.