పద్నాలుగున్నర గంటలు బండి నడిపినా ఓటీ సున్నా ఎందుకు?

ప్రశ్న: మావారు గూడ్స్ లోకో పైలట్. పోయిన నెలలో ఒకసారి సాయంత్రం నాలుగింటికి సైన్ ఆన్ (డ్యూటీలో చేరినట్టు సంతకం) అయినవారు మర్నాడు ఉదయం ఆరున్నరకు గానీ సైన్ ఆఫ్ (డ్యూటీ ముగిసినట్టు సంతకం) కాలేదు. అందులో దాదాపు ఐదు గంటలు బండి లూప్ లైన్లోనే (వేరే బళ్లకు దారి ఇవ్వడానికి ఆపే పక్క పట్టాల మీద) నిలబడి ఉందట. రిలీఫ్ (బదులుగా వేరే సిబ్బందిని) అడిగితే ‘బండి వదిలేస్తే చార్జిషీటు తప్పదు’ అన్నారు. ఆ రెండు వారాల్లో చేసిన డ్యూటీ మొత్తం 113 గంటలని ఆయన డైరీలో ఉంది. పే స్లిప్‌లో మాత్రం ఓటీ (ఓవర్‌టైం) సున్నా. అడిగితే ‘కిలోమీటర్ల డబ్బు వస్తోందిగా, మళ్లీ ఓటీ ఏంటి’ అని కొట్టిపారేశారు. వారం విశ్రాంతి కూడా సరిగా ఇవ్వడం లేదు. ఓటీ అడిగే హక్కు మాకుందా? ఇంకోసారి ఇలాగే జరిగితే ఆయన బండి దిగి వచ్చేయవచ్చా? కేసు వేయాలంటే ఎక్కడ వేయాలి?

జవాబు: అమ్మా, ముందు రెండో ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో పొరపాటు జరిగితే ఉద్యోగానికే ముప్పు. బండి దిగి రావద్దు. రైల్వే చట్టం, 1989లోని 173వ సెక్షన్ ప్రకారం, బండి నడిపే బాధ్యతలో ఉన్న ఉద్యోగి అనుమతి లేకుండా, మరొకరికి సరిగా అప్పగించకుండా దాన్ని మధ్యలో వదిలేస్తే నేరం. రెండేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గంటల పరిమితుల గురించి చెప్పే అధ్యాయంలోనే 134వ సెక్షన్ కూడా ఉంది. రిలీఫ్ ఏర్పాటు అయినా, రిలీవర్ వచ్చేదాకా డ్యూటీ వదిలి వెళ్లే అధికారం ఈ అధ్యాయం ఇవ్వదని అది స్పష్టంగా చెబుతుంది. ‘నా గంటలు అయిపోయాయి’ అన్నది కోర్టులో మంచి వాదనే కావచ్చు, దారి మధ్యలో బండి వదలడానికి మాత్రం అది సాకుగా పనికిరాదు.

అయితే ఆ రాత్రి రిలీఫ్ అడగడంలో మీవారి తప్పేమీ లేదు. రైల్వే బోర్డు 2016లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఒక ట్రిప్పులో రన్నింగ్ డ్యూటీ మామూలుగా 9 గంటలు దాటకూడదు. దాటించాలంటే ఆ 9 గంటలు పూర్తవడానికి కనీసం 2 గంటల ముందే సిబ్బందికి చెప్పాలి. అలా చెప్పినా సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా మొత్తం 11 గంటలు మించకూడదు. రిలీఫ్ దొరికే చోటు ఇంకో గంట ప్రయాణంలో ఉంటే అక్కడిదాకా నడపాలి. ప్రమాదాలు, వరదలు, యంత్రాలు పాడవడం లాంటి వాటికి మినహాయింపు ఉంది. మీరు చెప్పిన పద్నాలుగున్నర గంటలకు అలాంటి కారణమేదీ మీ ఉత్తరంలో కనబడలేదు. బండి లూప్‌లో ఉండగా, అంటే సురక్షితంగా నిలబడి ఉన్నప్పుడు, ‘నా డ్యూటీ ఇన్ని గంటలైంది, ఫలానా టైముకి పదకొండు నిండుతాయి, రిలీఫ్ పంపండి’ అని కంట్రోలర్‌కి చెప్పి, చెప్పిన సమయాన్ని ట్రిప్పు కాగితాల్లో రాసుకుంటే చాలు. రేపు చార్జిషీటు వచ్చినా ఆయన్ని కాపాడేది ఆ ఒక్క వాక్యమే.

ఇక డబ్బు సంగతి. చాలామంది రన్నింగ్ స్టాఫ్ (బళ్లు నడిపే సిబ్బంది) ఇక్కడే పొరబడతారు. పదకొండు గంటలు దాటిన ప్రతి గంటకూ ఓటీ వస్తుందనుకుంటారు. రాదు. ట్రిప్పు గంటల పరిమితి బోర్డు ఆదేశం, అది భద్రత కోసం, అలసట కోసం పెట్టింది. ఓటీ లెక్క వేరే. లోకో పైలట్లను చట్టం ‘కంటిన్యుయస్’ అనే వర్గంలో పెడుతుంది. 132వ సెక్షన్ ప్రకారం ఈ వర్గం వారికి వారానికి సగటున 54 గంటలు పరిమితి, ఆ సగటును 14 రోజుల మీద తీస్తారు. అంటే 108 గంటలు. 2005 నాటి పని గంటలు, విశ్రాంతి నియమాల కింద రన్నింగ్ స్టాఫ్‌కి రెండు వారాల ప్రామాణిక డ్యూటీ 104 గంటలు. ఓటీ లెక్క మొదలయ్యేది ఈ 104 దగ్గరే. చట్టం పెట్టిన 108 కూడా దాటితే, ఆ పై గంటలకు మామూలు రేటుకి రెట్టింపు కంటే తక్కువ ఇవ్వడానికి వీల్లేదు.

సగటు కాబట్టి దీనికో చేదు కోణం ఉంది. ఒక రాత్రి పద్నాలుగున్నర గంటలు చేసి, మిగతా రోజుల్లో తేలిక డ్యూటీలు పడి, 14 రోజుల మొత్తం 98 గంటలే అయితే ఆ రాత్రికి ఒక్క రూపాయి ఓటీ కూడా రాదు. నాకిది న్యాయంగా అనిపించదు, కానీ చట్టం రాసిన తీరు ఇదే. మీవారి విషయంలో మొత్తం 113 అంటున్నారు కాబట్టి మీరు ఆ ఇబ్బందిలో లేరు, ఒక్క షరతు మీద. ఆ 113 గంటలు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? రైల్వే లెక్కపెట్టే 14 రోజులు ముందే నిర్ణయించి ఉంటాయి. మనకు అనుకూలంగా ఉన్న రోజు నుంచి మొదలుపెట్టి లెక్కించుకోవడం కుదరదు. ఆయన డైరీలోని రెండు వారాలు రైల్వేవారి రెండు వేర్వేరు గడువుల మీద పరుచుకుని ఉంటే, ఒక్కో దాంట్లో 104 దాటకపోనూవచ్చు. ముందు ఆ తేదీలు ఆరా తీసి లెక్క మళ్లీ వేయండి. అప్పుడూ 113 వస్తే, 104 పైన 9 గంటలు. అందులో చివరి 5 గంటలకు రెట్టింపు అన్నది చట్టం ఇచ్చిన కనీస హామీ.

లూప్‌లో నిలబడిన ఐదు గంటలు తీసేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా అంతా డ్యూటీనే. చక్రం తిరగకపోయినా ఆయన సిగ్నల్ కేసి చూస్తూనే కూర్చోవాలి కదా.

‘కిలోమీటర్ల డబ్బు వస్తోందిగా’ అన్న మాట మా దగ్గరికి వచ్చే ప్రతి లోకో పైలట్ నోటా వింటుంటాను. రన్నింగ్ అలవెన్స్ దూరానికి ఇచ్చేది, ఓటీ కాలానికి ఇచ్చేది. ఒకటి ఇచ్చామని రెండోది ఎగ్గొట్టడం చెల్లదు. నిజానికి రన్నింగ్ అలవెన్స్‌లో కొంత భాగాన్ని జీతంగానే చూస్తారు. కొన్ని అవసరాలకు మూల వేతనంలో 30 శాతాన్ని, పెన్షన్ లాంటి రిటైర్మెంట్ లెక్కలకు 55 శాతాన్ని కలుపుతారు. జీతంలో భాగమైనదాన్ని చూపించి ‘ఇదే మీ ఓటీ’ అనడం ఎలా కుదురుతుంది? పైగా గూడ్స్ వాళ్లకి గంటలు ఎక్కువ, కిలోమీటర్లు తక్కువ. మెయిల్ బండి వెళ్లడం కోసం లూప్‌లో పడేసిన రాత్రి దూరం లెక్కలో ఆయన కష్టం కనబడదు.

ఆఫీసు వారు వినిపించే ఇంకో వాదన ‘ఆపరేషనల్ అవసరం’. 132వ సెక్షన్‌లో ఆ వెసులుబాటు నిజంగానే ఉంది. ప్రమాదం, అత్యవసరం, అసాధారణ పని ఒత్తిడి ఉన్నప్పుడు పరిమితి నుంచి తాత్కాలికంగా మినహాయించవచ్చు. కానీ అదే ఉపసెక్షన్ చివర్లో, అలా మినహాయించడం వల్ల పెరిగిన గంటలకు కనీసం రెట్టింపు రేటున ఓవర్‌టైం చెల్లించాలని రాసి ఉంది. అంటే ఆ మినహాయింపు ఎక్కువ సేపు పని చేయించుకోవడానికే, డబ్బు ఎగ్గొట్టడానికి కాదు. మీ వినతిలో ఆ ఉపసెక్షన్ చివరి వాక్యాన్ని తప్పకుండా ఎత్తి చూపించండి.

విశ్రాంతి విషయంలో 133వ సెక్షన్ రన్నింగ్ స్టాఫ్‌కి నెల లెక్క పెట్టింది: 30 గంటలకు తగ్గని విశ్రాంతులు నాలుగు, లేదా 22 గంటలకు తగ్గనివి ఐదు, ఒక పూర్తి రాత్రి కలిసేలా. ముక్కలుగా ఇస్తే కుదరదు, ఏకబిగిన ఇవ్వాలి. ఇది కాక ట్రిప్పు అయ్యాక హెడ్‌క్వార్టర్స్ రెస్ట్ (సొంత స్టేషన్‌కి తిరిగొచ్చాక ఇచ్చే విశ్రాంతి) వేరే ఉంటుంది: డ్యూటీ 8 గంటలు లేదా ఆపైన అయితే 16 గంటలు, తక్కువైతే 12. ఈ 16 గంటలు ఆ 30లోనే కలిసిపోతాయా, లేక వేరుగా కలిపి 46 గంటలు ఇవ్వాలా అన్నది పాత తగాదా. 2024 జూన్‌లో దక్షిణ రైల్వే లోకో పైలట్లు ఆందోళనకు దిగిందీ దీని మీదే. ఈ 46 గంటల వాదనను మీ ఓటీ అర్జీలో కలపకండి. తేలిగ్గా తేలే లెక్కను తేలని తగాదాతో ముడిపెడితే రెండూ మూలనపడతాయి.

ఇప్పుడు చేయాల్సిన పని. డైరీ మంచిదే, కానీ అది మీ మాట. సైన్ ఆన్, సైన్ ఆఫ్ సమయాలు క్రూ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో నమోదై ఉంటాయి, అది వాళ్ల సొంత లెక్క, కాదనలేరు. లాబీలో (సిబ్బంది డ్యూటీకి సంతకం పెట్టే ఆఫీసులో) ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఆ తేదీల వివరాలు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అవి చేతికొచ్చాక డివిజన్ పర్సనల్ విభాగానికి, లోకో ఆపరేషన్ చూసే అధికారికి రాతపూర్వకంగా వినతి ఇవ్వాలి. అందులో కోపం వద్దు. తేదీలు, గంటలు, 104 పైన ఎన్ని, 108 పైన ఎన్ని, అంతే. ఒక్క పేజీ చాలు. యూనియన్ ద్వారా కూడా ఎత్తించండి, రీజనల్ లేబర్ కమిషనర్ (సెంట్రల్) కార్యాలయానికి ఒక ప్రతి పంపండి. తనిఖీకి వచ్చే లేబర్ ఎన్‌ఫోర్స్‌మెంట్ అధికారులు అక్కడివారే.

వినతి తిరస్కరిస్తే, లేదా ఆరు నెలలైనా ఉలుకూ పలుకూ లేకపోతే, కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కి, అంటే క్యాట్‌కి వెళ్లాలి. హైదరాబాద్‌లో బెంచి ఉంది. దరఖాస్తు ఫీజు 50 రూపాయలే, వకీలు ఖర్చు వేరనుకోండి. ఉత్తరం మీరు రాసినా దరఖాస్తు మాత్రం మీవారి పేరు మీదే ఉండాలి. శాఖలో అడగకుండా నేరుగా వెళ్తే సాధారణంగా తీసుకోరు. గడువు తిరస్కరించిన ఉత్తర్వు నుంచి ఏడాది, జవాబే రాకపోతే ఆ ఆరు నెలలు ముగిశాక ఏడాది. ‘రిటైరయ్యాక అన్నీ కలిపి అడుగుదాం’ అని కూర్చునేవారిని చూశాను. జీతం తప్పుగా కడుతూ వస్తే అది కొనసాగే అన్యాయమని వాదించవచ్చు గానీ, అప్పుడు కూడా బకాయిలు మామూలుగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితమని సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది. పైగా ఓటీ ఏ పక్షానికి ఆ పక్షమే తేలే లెక్క, ఆ వాదన ఇక్కడ నిలుస్తుందన్న ధీమా నాకు లేదు. అందుకే ఆలస్యం చేయకండి. వినతి ఇచ్చేటప్పుడు మీ కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. వేయకపోతే అక్నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టులో పంపి, ఆ రసీదు దాచుకోండి. ఆ ఆరు నెలల లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే.