పచ్చరాయిని మంట దగ్గరికి తేకు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

రాళ్లు సాన పట్టడం, పొదగడం నేర్చుకోవడానికి నువ్వు జైపూర్ వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఛాతీ ఉప్పొంగింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఇంత పెద్ద నిర్ణయం తీసుకుంటూ నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా? మీ నాన్న ఉండి ఉంటే నీ పెట్టె తనే మోసుకుని స్టేషనుకు వచ్చేవాడు.

పది రెట్లు చూపే మంచి భూతద్దం కొనుక్కో. రంగును పగటి వెలుగులోనే చూడు. కొన్న ప్రతి రాయికీ రసీదు తీసుకో. ముత్యాలకు సెంటు తగలనివ్వకు. ఇవన్నీ అక్కడ ఎలాగూ చెబుతారు.

పచ్చ సంగతి మాత్రం నేనే చెప్పాలి. గట్టితనం కొలతలో దానికి పదికి 7.5 నుంచి 8 వరకూ ఉంటుంది. అది చూసి ధైర్యపడకు, పచ్చ పెళుసు. చాలా రాళ్లలో పుట్టుకతోనే సన్నని పగుళ్లుంటాయి. అవి కనిపించకుండా దేవదారు నూనె పట్టిస్తారు. కొనేవారికి చెప్పి అమ్మితే అందులో మోసమేమీ లేదు. కానీ వేడి తగిలిందంటే ఆ నూనె పోతుంది.

మీ నాన్న కొత్తగా పనిలో కూర్చున్న రోజుల్లో ఒకావిడ తన అత్తగారిచ్చిన పచ్చ ఉంగరం తెచ్చింది. వేలికి బిగువైంది, చిన్న ముక్క వేసి అతకమంది. రాయి ఊడదీసి, అతికి, మళ్లీ పొదగాలి. అది పండగ ముందు రద్దీ. మీ నాన్న రాయికి తడిగుడ్డ చుట్టి మంట ఊదాడు. గుడ్డ తీస్తే లేత అరిటాకులా ఉన్న రాయి నిండా తెల్లని గీతలు! పచ్చ పగిలితే ఇంటాయనకు కీడని ఆవిడ దుకాణంలోనే ఏడ్చేసింది. మీ నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నేను బాగా తిట్టాను, తరువాత నేనే కలిపి ముద్దలు పెట్టాను.

మర్నాడు భూతద్దం తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. పగుళ్లు చాలావరకు భూమిలో ఉన్నప్పటివేననీ, నూనె పోయి బయటపడ్డాయనీ, వేడికి కొన్ని సాగాయనీ దాచకుండా చెప్పాను. అత్తగారి చేతికి అద్దమిచ్చి ఒక మూల చూపించాను. అది కొలంబియా పచ్చ. లోపల రంపపు పళ్లలాంటి అంచులున్న చిన్న గుంటలో చుక్కంత ద్రవం, అందులో గాలి బుడగ, పక్కనే నలుచదరపు ఉప్పు కణం. ఆవిడ చాలాసేపు కన్ను తీయలేదు. "ఇన్నేళ్లూ ఇది నా వేలి మీదే ఉందా!" అంది. ఉంగరాన్ని అలాగే ఉంచుకున్నారు. తగ్గిన విలువను మీ నాన్న నెలనెలా తీర్చాడు.

అందుకే నమ్మకాల విషయంలో జాగ్రత్త. యజ్ఞపశువుగా ప్రాణమిచ్చిన బలాసురుడి రక్తం కెంపులైందనీ, పళ్లు ముత్యాలయ్యాయనీ, పిత్తం పచ్చలైందనీ మా తాతగారు చెప్పేవారు. ఆ కథ నువ్వూ చెప్పు, వినేవారికి రాయి మీద మమకారం పెరుగుతుంది. నీలాన్ని దిండు కింద పెట్టుకుని కలల్ని బట్టి నిర్ణయించుకునేవారిని వెక్కిరించకు. కానీ "ఇది పెట్టుకోకపోతే కీడు" అన్న మాట నీ నోట రాకూడదు. అలా వచ్చిన డబ్బు మన గడప తొక్కకూడదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు (అగేట్) రాళ్లు అరగదీసేవారు ఎందరో ఆ దుమ్ము పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు బారిన పడ్డారు. ఒకసారి ఊపిరితిత్తులు గట్టిపడితే మందుతో బాగుపడవు. స్ఫటికజాతి (క్వార్ట్జ్) రాళ్లన్నింటితోనూ ఈ ముప్పు ఉంది. నీళ్లు లేకుండా సాన పట్టే చోట ఒక్క నిమిషం కూర్చోవద్దు. పక్కవాళ్లు నవ్వినా ముఖానికి మాస్కు తీయకు. చేరిన రోజే సాన మీద నీళ్లు పడుతున్నాయో లేదో చూసి నాకు ఫోను చెయ్యి. పడకపోతే ఆ పూటే బయలుదేరి వచ్చెయ్యి, కట్టిన ఫీజు సంగతి నేను చూసుకుంటాను.

నీ పెదనాన్న