డాక్టర్ సలహా: ఉద్దానంలో ఉన్నంత మాత్రాన అది ఉద్దానం జబ్బే కానక్కర్లేదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. మా తమ్ముడికి 36 ఏళ్లు, కొబ్బరి తోటల్లో పని చేస్తాడు. రెండు నెలలుగా పాదాలు వాస్తున్నాయి, పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బుతోంది. పరీక్షల్లో 24 గంటల మూత్రంలో ప్రొటీన్ 5.2 గ్రాములు, క్రియాటినిన్ 1.5, బీపీ 150/90 వచ్చాయి. షుగర్ లేదు. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ 10 సెంటీమీటర్లు ఉన్నాయన్నారు. విశాఖపట్నంలో డాక్టరుగారు కిడ్నీ నుంచి సూదితో చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ చేయాలని చెప్పి, దానితో పాటు ఇమ్యునోఫ్లోరోసెన్స్, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అని మరో రెండు పరీక్షలు రాశారు. మా నాన్న కిడ్నీ జబ్బుతోనే, డయాలసిస్ చేయించుకుంటూ పోయారు. ఊళ్లో అందరికీ వచ్చే జబ్బే కదా, దానికి సూదితో పొడిపించుకుంటే ఉన్న కిడ్నీ కూడా పోతుందని ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఇన్ని పరీక్షలు అవసరమా?
– ఒక పాఠకురాలు

జవాబు: బయాప్సీ చేయించమనే నా సలహా. మీరు రాసిన అంకెలు ఉద్దానం కిడ్నీ జబ్బు తీరుకు సరిపోవడం లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇన్నేళ్లుగా చూస్తున్న ఆ వ్యాధి చాలామందిలో చడీచప్పుడు లేకుండా వస్తుంది. వాపు ఉండదు, తొలి దశలో బీపీ పెద్దగా పెరగదు, మూత్రంలో ప్రొటీన్ సాధారణంగా రోజుకు ఒక గ్రాము లోపే ఉంటుంది, కిడ్నీ పని తగ్గేకొద్దీ రక్తంలో పేరుకునే వ్యర్థమైన క్రియాటినిన్ మాత్రం ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతూ పోయి, తెలిసేసరికి కిడ్నీలు రెండూ కుంచించుకుపోయి ఉంటాయి. అందులో ప్రధానంగా దెబ్బతినేది మూత్రాన్ని మోసే సన్నని గొట్టాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. మీ తమ్ముడి విషయంలో కిడ్నీల పరిమాణం బాగానే ఉంది, కానీ రోజుకు 5 గ్రాములకు పైగా ప్రొటీన్ పోతోంది. అంటే రక్తాన్ని వడకట్టే గుత్తులకే, వైద్యభాషలో గ్లోమెరులస్‌లకే, చిల్లు పడిందన్న మాట. ఇలా చిల్లు పెట్టే జబ్బులు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని మందులకు బాగా లొంగుతాయి. ఒక జబ్బుకు వాడే మందు మరో జబ్బులో పనిచేయకపోగా హాని కూడా చేయవచ్చు. మీ ప్రాంతంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం ఇదే. ‘ఉద్దానం’ అన్న ఒక్క మాటతో పరీక్షలు ఆపేసిన వాళ్లలో, మందుతో నిలబడగలిగిన కిడ్నీలు ఎన్ని ఉండి ఉంటాయో ఎవరికీ లెక్క తెలియదు.

సూదితో వచ్చే ముక్కను ఒకసారి కళ్లతో చూస్తే పెద్దల భయం సగం తగ్గుతుందని నా నమ్మకం. అది సేమియా పోగంత సన్నగా, సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు పొడవున లేత రంగులో ఉంటుంది. భూతద్దం కింద పెడితే అందులో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలే గ్లోమెరులస్‌లు. ఒక్కో కిడ్నీలో ఇవి సుమారు 10 లక్షలు ఉంటే, బయాప్సీలో వచ్చేవి 15 నుంచి 20 మాత్రమే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్పినట్టే ఇది కూడా. అయితే కొన్ని జబ్బులు అన్ని గుత్తులనూ పట్టకుండా అక్కడొకటి ఇక్కడొకటి పట్టుకుంటాయి కాబట్టి ఒక్క మెతుకు చాలదు. అందుకే రెండు, ఒక్కోసారి మూడు పోగులు తీస్తారు.

ఇక ఆ రెండు పరీక్షల సంగతి. తీసిన పోగుల్లో ఒకటి, ముక్క చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణం సీసాలోకి వెళ్తుంది. తర్వాత దాన్ని మైనపు బిళ్లలో బిగించి, వెంట్రుక మందంలో దాదాపు ఇరవయ్యో వంతు ఉండే పొరలుగా కోసి, రంగులు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. దీనితో ఆకారం తెలుస్తుంది. ఎక్కడ మచ్చ కట్టింది, ఎక్కడ గోడ మందమైంది, ఇంకా ఎంత బతికి ఉంది అన్నవి తెలుస్తాయి. కానీ గోడను మందం చేసినది ఏ పదార్థమో ఈ రంగులు చెప్పలేవు. దానికోసమే రెండో పోగును ఫార్మలిన్ తగలనివ్వకుండా వేరే ద్రావణంలో పంపి, గడ్డకట్టించి కోసి, మెరిసే రంగు అంటించిన యాంటీబాడీలను దాని మీద వేస్తారు. ఇదే ఇమ్యునోఫ్లోరోసెన్స్, 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం మొదలుపెట్టిన పద్ధతి. యాంటీబాడీ తనకు సరిపడే ప్రొటీన్ దొరికిన చోటే అతుక్కుంటుంది, కనుక చీకటి గదిలో ఆ చోటు మాత్రమే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఇక్కడ వెతికేది ముఖ్యంగా రోగి శరీరమే తయారుచేసిన ఐజీజీ, ఐజీఏ వంటి యాంటీబాడీ రకాలను. గోడ వెంబడి సన్నటి ఇసుక చల్లినట్టు ఐజీజీ వెలిగితే ఒక జబ్బు, గుత్తి నడుమ ఐజీఏ వెలిగితే మరొకటి, అన్నీ కలిసి వెలిగితే, రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే లూపస్‌ను అనుమానిస్తాం. ఏదీ వెలగకపోవడం కూడా సమాచారమే, ఎందుకంటే ఉద్దానం తరహా జబ్బులో సాధారణంగా ఇలాంటి వెలుగులేవీ కనిపించవు.

ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ సూత్రం కూడా ఇదే, కాకపోతే వెలుగుకు బదులు గోధుమ రంగు వస్తుంది, అదీ మైనపు బిళ్లలోని ముక్క మీదే. ఫార్మలిన్ ప్రొటీన్లను ఒకదానితో ఒకటి బిగించేస్తుంది కాబట్టి, యాంటీబాడీ లోపలికి పోవాలంటే ముందు ఆ పొరను వేడి ద్రావణంలో ఉడికించాలి. చాలా ల్యాబుల్లో ఈ పనికి ప్రెషర్ కుక్కరే వాడతారంటే మీకు నవ్వు రావచ్చు. కొన్నేళ్ల కిందట నాకొచ్చిన ఒక బయాప్సీలో రెండు పోగులనూ పొరపాటున ఫార్మలిన్‌లోనే వేసి పంపారు. గడ్డకట్టించి వెలుగు చూసే అవకాశం అక్కడితో పోయింది. రోగిని మళ్లీ పడుకోబెట్టి సూది గుచ్చక తప్పదనుకున్నాం. చివరి ప్రయత్నంగా ఆ మైనపు బిళ్ల మీదే పీఎల్ఏ2ఆర్ అనే ప్రొటీన్ కోసం ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ చేయిస్తే, ప్రతి గుత్తి గోడ వెంటా గోధుమ రంగు చుక్కలు వరుస కట్టి కనిపించాయి. రెండో సూది అవసరం లేకుండానే, గుత్తుల గోడ మందమై ప్రొటీన్ కారిపోయే మెంబ్రేనస్ నెఫ్రోపతీ అని తేలింది.

మీ తమ్ముడి లక్షణాలకు ఆ పేరు కూడా ఆలోచించాల్సిందే, అయితే చూడకుండా అదేనని నేను చెప్పను. పీఎల్ఏ2ఆర్‌కు ఈ జబ్బుతో ఉన్న సంబంధం 2009లో బయటపడింది. ఇతర కారణమేదీ లేని మెంబ్రేనస్ రోగుల్లో సుమారు 70 శాతం మందిలో దీనికి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉంటాయి. ‘మరి రక్తపరీక్షతోనే తేల్చేయవచ్చు కదా’ అని మీరు అడగవచ్చు. కిడ్నీ పనితీరు మామూలుగా ఉండి, రక్తంలో ఆ యాంటీబాడీ స్పష్టంగా కనిపిస్తే కొందరిలో బయాప్సీ లేకుండానే ముందుకు వెళ్తాం. మీ తమ్ముడికి క్రియాటినిన్ అప్పుడే 1.5కు చేరింది కాబట్టి, లోపల మచ్చ ఎంత, మందుతో బాగుపడే అవకాశం ఎంత అన్నది ముక్కలోనే చూడాలి. రక్తపరీక్ష కూడా చేయించండి, అది చికిత్స మొదలయ్యాక మందు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది.

ఇంకో మాట, ఇది నేను అడిగితే తప్ప ఎవరూ చెప్పని విషయం. పీఎల్ఏ2ఆర్ కనిపించనప్పుడు నెల్-1 అనే మరో ప్రొటీన్ కోసం అదే బిళ్ల మీద పరీక్ష చేస్తారు. అది కనిపిస్తే మేం రోగిని వెనక్కి పిలిచి, ఏవైనా నాటు మందులు, భస్మాలు వాడారా, మొహం తెల్లబడే క్రీములు రాసుకున్నారా అని అడుగుతాం. వాటిలో కొన్నింట్లో ఉండే పాదరసానికీ ఈ రకం జబ్బుకూ దక్షిణ భారతంలో సంబంధం కనిపించింది. అలాంటి వాళ్లలో చాలామందికి ఆ మందు మానేయడంతోనే ప్రొటీన్ తగ్గుముఖం పట్టింది. ఒళ్లు నొప్పులకు వేసుకునే మాత్రలు కూడా ఇలాంటి జబ్బు తేగలవు. మీ తమ్ముడు ఇలాంటివి ఏమైనా వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పించండి, నొప్పి మాత్రలను ఈ రోజే ఆపించండి.

సూది వల్ల కిడ్నీ పోతుందా? స్కానింగ్‌లో చూస్తూ, చర్మానికి మత్తు ఇచ్చి చేసే పని ఇది. నూటికి ముగ్గురు నలుగురికి ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. నూటికి ఒకరికి రక్తం ఎక్కించాల్సి రావచ్చు. రక్తస్రావం ఆగక కిడ్నీ తీయాల్సి రావడం దాదాపు పదివేల మందిలో ఒకరికి జరిగేది. ఈ ముప్పు తగ్గాలంటే ముందుగా బీపీ 140/90 లోపుకు రావాలి, కాబట్టి ఆ మందు తప్పకూడదు. ఆస్పిరిన్ వంటివి వాడుతుంటే ఎన్ని రోజుల ముందు ఆపాలో చేసే డాక్టరే చెప్పాలి. చేశాక కనీసం ఆరు గంటలు వెల్లకిలా పడుకోవాలి, ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంటే మంచిది. రెండు వారాలు బరువులెత్తడం, కొబ్బరి చెట్లెక్కడం మానాలి. మూత్రంలో రక్తం గడ్డలు వచ్చినా, మూత్రం ఆగిపోయినా, నడుము పక్కన నొప్పి పెరుగుతున్నా, కళ్లు తిరిగినా తెల్లవారేదాకా ఆగకండి.

ఒకవేళ ముక్కలో ఉద్దానం తరహా మార్పులే కనిపిస్తే, అవి ఎందుకు వచ్చాయో బయాప్సీ చెప్పలేదు. నీరు, ఎండలో పని, పురుగుమందులు అంటూ ఎన్నో అనుమానాలున్నా ఆ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి కాబట్టి, ఆ తర్వాతి వైద్యానికి ప్రతిసారీ విశాఖ దాకా వెళ్లనక్కర్లేదు. ఎక్కడ చూపించుకున్నా రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చుకుని ఊరుకోకండి. దాని మీద బిళ్ల నంబరు ఉంటుంది, అది రాసి పెట్టుకోండి. రేపు ఇంకో డాక్టరు మరో పరీక్ష అడిగితే ఆ నంబరుతో ల్యాబు నుంచి అదే మైనపు బిళ్లను తీయించవచ్చు, తమ్ముడికి మళ్లీ సూది అక్కర్లేదు. నాన్నగారి పాత రిపోర్టులు ఇంట్లో ఉంటే అవి కూడా వెంట తీసుకెళ్లండి. ఆయనకు మూత్రంలో ప్రొటీన్ ఎంత పోయేదో మీ డాక్టరుగారు తప్పకుండా చూడాలనుకుంటారు.